అందరి నీళ్ళు

చేపల గది, బేస్‌మెంట్
జూన్ 9

వదినకు,

నువ్వు ఏడాది సెలవు పెట్టి పరిశోధనకని ఆ దేశం వెళ్ళి నెల దాటింది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ముందు నీ చెవిటి చేపలు, తర్వాత అన్నయ్య, ఆ తర్వాత చోటు మిగిలితే నేను. నువ్వు ఫోన్‌లో అడిగే వరస అదే కాబట్టి అదే వరసలో రాశాను. ఫోన్‌లో మనకి పోట్లాటలే మిగులుతున్నాయి, ఈమెయిలే అయినా ఉత్తరంలా తీరిగ్గా రాయమన్నావు. సరే, ఇక నుంచి తీరిగ్గా పోట్లాడుకుందాం.

నీ చేపలు బాగా తింటున్నాయి. తొట్టి మీద వేలితో టకటకా కొడితే పక్క తొట్లోవి ఉలిక్కిపడి చెల్లాచెదురవుతాయి, నీవి మాత్రం తాపీగా ఈదుతుంటాయి. అచ్చం మన ఇల్లు గుర్తొస్తుంది. అన్నయ్య కూడా బాగానే తింటున్నాడు. పొద్దస్తమానం పళ్ళ క్లినిక్‌లో జనాన్ని నోరు తెరవమని చెప్పే మనిషి, ఇంటికొచ్చాక తను మాత్రం తెరవడు. "వదిన మీద బెంగగా ఉందా?" అని అడిగితే, "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు. దాన్ని నీకు అనుకూలంగా అర్థం చేసుకో.

ఇక మన ఉమ్మడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సంగతి. ఉమ్మడి అన్న మాటకి బోర్డు మీద అందరిదీ అని అర్థం, తుడిచేటప్పుడు ఎవరిదీ కాదని అర్థం. డైరెక్టర్ గారికి, అదే మన రిబ్బన్ గారికి, కొత్త ఆలోచన వచ్చింది. లాబీలో గోడంత గాజు తొట్టి కట్టించి రంగురంగుల చేపలు వేయించారు. అంతవరకూ ఆయన ముచ్చట. కానీ దానికి వేరే పంపు ఎందుకు దండగ అని నా చేపల గది నీళ్ళకే కలిపించారు. "సార్, మా గదిలో అన్ని తొట్లకీ ఒకటే నీళ్ళు. తిరిగి తిరిగి అన్నింట్లోకీ వస్తాయి. బయట కొన్న చేపల్ని రెండు నెలలు విడిగా ఉంచి చూడాలి" అన్నాను. "గెస్టులు రేపొస్తుంటే చేపలు రెండు నెలల తర్వాతా? నీళ్ళు నీళ్ళే కదమ్మా" అన్నారు. రిబ్బను కత్తిరించారు. ఫొటోలో నేనూ ఉన్నాను, మొహం మాడ్చుకుని.

నీ మరదలు

*

అతిథి గృహం, రెండో అంతస్తు
జూన్ 24

మరదలు గారికి,

నీ ఉత్తరం అందింది. తప్పులు తక్కువ, ఎత్తిపొడుపులు ఎక్కువ. మెచ్చుకుంటున్నాను.

ఇక్కడి ఉమ్మడి కేంద్రం గురించి రాయమంటే రాస్తాను, కుళ్ళుకోకు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. మైక్రోస్కోపు కావాలంటే పొద్దున అడిగితే మధ్యాహ్నానికి ఇస్తారు. మన దగ్గర మధ్యాహ్నం అడిగితే మధ్యాహ్నానికే ఇస్తారు, ఏ నెలలో అన్నదే చెప్పరు. అన్నిటికన్నా వింత, ఇక్కడి చేపల గది మేనేజరు నవ్వుతాడు. మొదటి రోజు ఏదో జబ్బేమో అనుకున్నాను. ఇక్కడి నీళ్ళు మాత్రం కాస్త బరువు. మొదట్లో మేత ముట్టడానికి మొరాయించాయి, ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నాయి. మిగతా రోజంతా పాత స్లైడ్లు చూసుకుంటూ కూర్చుంటాను.

లాబీ తొట్టి మీద నీ గొడవ చదివాను. ఒక్క గాజు తొట్టికి ఇంత రాద్ధాంతమా? గోడకి నాలుగు రంగులు ఉంటే నీకేం నష్టం? నీకు ఎవరు ఏం తెచ్చినా రోగమే కనిపిస్తుంది. మా పెళ్ళిచూపుల్లో నువ్వు నన్ను చూసిన చూపు కూడా అదే.

నా చేపలు జాగ్రత్త. మామూలు చేపకి చెవుడొస్తే కొన్నాళ్ళకి మళ్ళీ వినపడుతుంది. నావాటికి రాదు. ఎందుకు రాదో తేలిస్తే మనుషులకీ ఎప్పటికో ఒక దారి దొరుకుతుంది. అలాంటివి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

మీ అన్నయ్య కూరలో ఉప్పు వెయ్యి.

వదిన

*

చేపల గది
ఆగస్టు 3

వదినా,

ఈసారి వరస మార్చి రాస్తున్నాను. అన్నయ్య క్షేమం. నేను ఫరవాలేదు. చేపలు బాగాలేవు.

ముందు లాబీలో రెండు చేపలు చిక్కిపోయాయి. వెన్ను వంగి, పొట్ట లోపలికి పోయి, పుల్లల్లా తయారయ్యాయి. రిబ్బన్ గారికి చూపిస్తే "వయసు" అన్నారు. తర్వాత నా గదిలో మొదటి వరస, ఆ తర్వాత రెండో వరస. పరీక్షకి పంపాను. నీళ్ళలో బతికే మొండి రకం సూక్ష్మజీవి. మందు లేదు. గది మొత్తం ఖాళీ చేసి, పైపులతో సహా బ్లీచింగుతో కడగాలి. ఖాళీ చేయడం అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

రిపోర్టు చదివి రిబ్బన్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "దీన్ని 'బరువు తగ్గుట' అని రాయలేమా?"

కాస్త దారుంది. జబ్బు పెద్ద చేపలది. గుడ్డుని పైపైన మందుతో కడిగితే పిల్ల శుభ్రంగా పుడుతుంది. వాటిని పెంచడానికి వేరే పైపులున్న చిన్న గదిలో ఇరవై తొట్లున్నాయి. మన దగ్గరున్న రకాలు అరవైకి పైనే. ప్రొఫెసర్లందరూ కూర్చుని ఎవరి చేపలు గొప్పవో రెండు గంటలు చెప్పుకున్నారు. చివరికి ఎవరితో ఎవరికీ పేచీ వద్దని నిర్ణయం నా మీద పడేసి టీకి వెళ్ళిపోయారు. నేను ఒకటే నియమం పెట్టాను. ఇంకెక్కడా లేని రకాలకి ముందు చోటు. వేరే చోట ఉన్నవాళ్ళు తర్వాత అక్కణ్ణించి తెప్పించుకోవచ్చు.

లెక్క వేస్తే అలాంటివి ఇరవై ఒకటి తేలాయి. ఆ ఇరవై ఒకటోది తుమ్ముల పిల్లది. నీకు గుర్తుందో లేదో, చేపల మేత డబ్బా తెరిచినప్పుడల్లా తుమ్ముతుంది. ఆమె చేపలు నిద్రపోవు. ఐదేళ్ళుగా వాటి మీదే థీసిస్ రాస్తోంది. గైడు రిటైరయ్యాడు, తరఫున మాట్లాడే నాథుడు లేడు. అందరికన్నా చివర చేరింది కాబట్టి చివర ఉంది.

అందరినీ అడిగినట్టే నిన్నూ అడుగుతున్నాను. నీ చెవిటి చేపలు ఇంకెక్కడైనా ఉన్నాయా? ఒక్క ముక్క చాలు.

మరదలు

*

అతిథి గృహం
ఆగస్టు 5

మరదలికి,

ఒక్క ముక్క: లేవు.

ఇంకో ముక్క కూడా విను. అవి ఎనిమిదేళ్ళ చాకిరీ. వాటికోసం నేను వదులుకున్న సెలవులు, పెళ్ళిళ్ళు, సినిమాలు మీ అన్నయ్యని అడుగు, చెప్తాడు. నోరు తెరిస్తే. అలాంటి నన్ను "అందరినీ అడిగినట్టే" అడగడానికి నీకు మనసెలా వచ్చింది? ఇంట్లో ఒక మనిషి మేనేజరుగా ఉంటే ఉపకారం సంగతి అటుంచు, కనీసం అవమానం ఉండదనుకున్నాను.

నిద్రపోని చేపలట! ఆ కేంద్రంలో రిసెర్చ్ చేసేవాళ్ళెవరికి నిద్రుంది, చేపలకి ప్రత్యేకంగా ఉండటానికి? ఆ అమ్మాయికి ఇంకో టాపిక్ దొరుకుతుంది. చిన్న వయసు.

మొదటి తొట్టి నాది. రాసుకో.

వదిన

*

చేపల గది
ఆగస్టు 7

వదినా,

రాసుకోబోయి ఆగాను.

జూన్‌లో నువ్వు రాసింది మళ్ళీ చదివాను. "మొదట్లో మేత ముట్టడానికి మొరాయించాయి" అన్నావు. ఏవి? స్లైడ్లు మేత తినవు. అక్కడివాళ్ళ చేపలైతే అక్కడి నీళ్ళకి మొరాయించవు. వెళ్ళే ముందు వారం నీ తొట్లోంచి గుడ్లు తీయించుకున్నావు, ఏదో లెక్చరులో చూపించాలని. నేనే తీసిచ్చాను. వాటి ట్యూబులు తిరిగి రాలేదు. వదినవి కదా అని నేనూ అడగలేదు.

నీ చేపలు అక్కడున్నాయి. అయితే ఏడాదికని వెళ్ళిన మనిషి ఎనిమిదేళ్ళ చేపల్ని చెప్పకుండా ఎందుకు మోసుకెళ్తుంది? దానికి జవాబు నాకక్కర్లేదు. అన్నయ్యకి చెప్పు. ఆయన నీ గది కిటికీకి కొత్త దోమతెర వేయిస్తున్నాడు, నువ్వొచ్చేసరికి ఉండాలని.

నాకు కావలసింది తొట్టి సంగతి ఒక్కటే. నిన్ను అల్లరిపెట్టను. శుక్రవారంలోగా మళ్ళీ "లేవు" అని రాస్తే లేవనే రాసుకుంటాను, మీటింగులో నీ మాటే నా మాట. నీకు మొదటి తొట్టి వస్తుంది. తుమ్ముల పిల్లకి రాదు.

మరదలు

*

అతిథి గృహం
ఆగస్టు 8

ఉమ్మడి చేపల గది ఇన్‌ఛార్జ్ గారికి,

మీరు ఉత్తరాలు చదవరు, శవపరీక్ష చేస్తారని ఇవాళే తెలిసింది. ఇకమీదట వాతావరణం గురించి రాసేటప్పుడు కూడా లాయరుని పక్కన పెట్టుకుంటాను.

నా ఉద్యోగం, నా కాపురం, నా గుడ్లు, ఈ మూడింటిలో మీ శాఖ కిందికి వచ్చేది మూడోది మాత్రమే. మొదటి రెండింటి మీద మీ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

నా జవాబు మారలేదు.

ప్రొఫెసర్

*

చేపల గది
ఆగస్టు 9

గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,

మీ జవాబు అందింది. మొదటి తొట్టి మీ పేర రాశాను.

సంబంధిత వ్యక్తికి కూడా తెలియజేశాను. మీరు అడగలేదు కానీ రికార్డు కోసం రాస్తున్నాను. ఆమె ఏడవలేదు. "ఎవరివి మేడం, నా ముందున్నవి?" అనైనా అడగలేదు. తల ఊపి, తుమ్మి, తన వలలు కడిగి ఆరేసింది. తర్వాత వచ్చి, "ఖాళీ చేసే రోజు వరకూ వీడియో తీసుకోవచ్చా? ఉన్నంతలో ఏదో ఒకటి రాసుకుంటాను" అంది. తీసుకోమన్నాను.

ఇట్లు
ఇన్‌ఛార్జ్

*

అతిథి గృహం
ఆగస్టు 11

అమ్మాయ్,

ఉన్నాయి. రెండు తొట్ల నిండా ఉన్నాయి. ఆరోగ్యంగా, చెవుడుగా ఉన్నాయి.

ఇందాకే ప్రొఫెసర్లందరికీ, రిబ్బన్ గారికీ రాసేశాను. అనుమతి లేకుండా గుడ్లు తెచ్చుకున్నాననీ, మొదటి తొట్టి మీద నాకు హక్కు లేదనీ. నీకు ముందు చెబితే నువ్వెక్కడ నన్ను కాపాడబోతావోనని ముందు వాళ్ళకే రాశాను. నువ్వు కాపాడేదానివేలే, మొహం మాడ్చుకుని.

నీ ఉత్తరాల్లో దేనికీ నేను లొంగలేదు, అది తెలుసుకో. నీ తెలివితేటలకి అసలే లొంగలేదు. ఆ పిల్ల వలలు ఆరేసిందన్నావు చూడు, అక్కడ దొరికిపోయాను. చేపలు పోతాయని తెలిశాక వలలెవరు కడుగుతారు? నేనైతే నేలకేసి కొట్టేదాన్ని.

నువ్వు అక్కర్లేదన్న జవాబు కూడా చెప్తాను. ఇక్కడ నాకు శాశ్వతంగా ఉద్యోగం ఇస్తామన్నారు. ఏప్రిల్ నుంచే మాటలు నడుస్తున్నాయి. అక్కడ ఎనిమిదేళ్ళూ ఒక మైక్రోస్కోపు కోసం, ఒక సంతకం కోసం, ఒక తాళంచెవి కోసం నిలబడి నిలబడి, నా వంతు వచ్చేసరికి ఏం చూద్దామనుకున్నానో మర్చిపోయేదాన్ని. ఇక్కడ ఆ బాధ లేదు. వేరే బాధలున్నాయి, అవి నీకు చెప్పను, సంతోషిస్తావు.

మీ అన్నయ్యకి చెబుదామని ఎన్నోసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఉప్పు గురించి మాట్లాడుకుని పెట్టేశాం. నిన్న చెప్పేశాను. "ఊఁ" అన్నాడు. "పేషెంటున్నాడు" అని పెట్టేశాడు. నిన్న ఆదివారం.

ఇంట్లో ఎలా ఉన్నాడు? ఈసారి మొదట ఆ సంగతి రాయి. చేపల సంగతి తర్వాత.

వదిన

*

చేపల గది
సెప్టెంబరు 4

వదినా,

అడిగిన వరసలోనే రాస్తున్నాను.

అన్నయ్య వారం రోజులు మాట్లాడలేదు. ఆ తేడా కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. దోమతెర బిగించడం మాత్రం ఆపలేదు. "ఇప్పుడెందుకురా అన్నయ్యా?" అంటే, "దోమలు ఆగుతాయా?" అన్నాడు. నిన్న క్లినిక్ వైపు వెళ్తే తలుపు మీద కాగితం అంటించి ఉంది, రెండు వారాలు సెలవని. టికెట్టు కొన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పడం లేదు, రాస్తున్నాను.

మీటింగు జరిగింది. నీ ఉత్తరం రిబ్బన్ గారికి వరంలా దొరికింది. ఉమ్మడి కేంద్రానికి జబ్బు ఎలా వచ్చిందో ఇప్పుడు స్పష్టమైందనీ, అనుమతి లేకుండా చేపల్ని తరలించడమే దానికి కారణమనీ గంభీరంగా చదివారు. అందరూ తలలూపారు.

నేను లేచాను. "సార్, బయటికి వెళ్ళిన చేపలు లోపలికి రోగం ఎలా తెచ్చాయి? పోస్టులో పంపాయా?"

"నువ్వు ఆమె మరదలివి. నీ మాట ఇక్కడ చెల్లదు" అన్నారు.

"నా మాట వద్దు సార్. పరీక్ష రిపోర్టు చూడండి. అన్నింటికన్నా ముదిరిన జబ్బు లాబీ చేపల్లో ఉంది."

అప్పటిదాకా కునుకు తీస్తున్న మొక్కల ప్రొఫెసర్ కళ్ళు తెరిచి, "లాబీలో చేపలు ఎక్కడివి?" అని అడిగాడు. "షాపులో కొన్నవి" అన్నాను. "విడిగా పెట్టి చూశారా?" అన్నాడు. రిబ్బన్ గారు నీళ్ళ గ్లాసు అందుకున్నారు. ఏసీ చప్పుడు అంత బాగా వినిపించడం నాకదే మొదటిసారి.

న్యాయం జరిగింది అనుకుంటున్నావా? లాబీ తొట్టిని "సాంకేతిక కారణాల వల్ల" తీసేశారు. కారణం ఎవరో కనుక్కోవడానికి రిబ్బన్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. శిక్ష పడింది నీ ఒక్కదానికే. సెలవు రద్దు, నెలలోగా తిరిగి రావాలి లేదా రాజీనామా. నిజం ఒప్పుకున్నది నువ్వొక్కదానివే కాబట్టి శిక్షకి ఇంకెవరూ అందుబాటులో లేరు.

చేపల గది సోమవారం ఖాళీ చేశాం. మందు కలిపిన నీళ్ళలో వేస్తే నిమిషాల్లో కదలిక ఆగిపోతుంది. నీవి ఇంకెవరికీ అప్పజెప్పలేదు, నేనే చేశాను. తొట్టి తీసేముందు వేలితో టకటకా కొట్టాను. వినపడదని తెలిసే కొట్టాను. దాని మీద ఏదైనా వెటకారం రాద్దామనుకున్నాను, రాలేదు.

మొదటి తొట్లో తుమ్ముల పిల్ల చేపల గుడ్లు పిగిలాయి. పిల్లలు కనురెప్పంత కూడా లేవు.

మరదలు

*

కొత్త అద్దె ఇల్లు
సెప్టెంబరు 22

మరదలా,

నీ "చెప్పడం లేదు, రాస్తున్నాను" పుణ్యమా అని ఇల్లు ఊడ్చి పెట్టుకున్నాను. మీ అన్నయ్య వచ్చాడు.

మొదటి రోజు నా చేపల్ని చూపించాను. చూశాడు. మేనేజరు నవ్వితే అతని పైవరస పళ్ళు చూశాడు. రెండో రోజు ఊరంతా తిప్పాను. మూడో రోజు భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను. "తిట్టాలనుంటే తిట్టండి. ఇంత దూరం వచ్చి కూర గురించి మాట్లాడకండి" అన్నాను.

ఆయన కంచంలో చెయ్యి ఆపి, "నాకు చెప్పడానికి భయమేసిందా?" అన్నాడు.

"భయం కాదు. మీరు సరే అంటారని తెలుసు. మనసులో ఏమున్నా సరే అంటారు. ఆ సరే వినలేక చెప్పలేదు."

కంచం పక్కకి జరిపాడు. "సరే కాదు. నాకు కోపంగా ఉంది" అన్నాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయనకి కోపం ఉందని ఆయన నోటితో వినడం అదే. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, కిటికీలోంచి వీధి చూస్తూ అన్నాడు, "ఇక్కడ జనానికి పళ్ళు పుచ్చవా?"

"పుచ్చుతాయి. బాగా పుచ్చుతాయి" అన్నాను.

"ఊఁ" అన్నాడు. ఈసారి పేషెంటెవరూ లేరు.

రాజీనామా పంపించాను. ఆయన లైసెన్సు పరీక్ష ఇక్కడ మళ్ళీ రాయాలి, ఏడాది పట్టొచ్చు. ఈలోగా వస్తూ పోతూ ఉంటాడు. నిన్ను కూడా రమ్మంటున్నాను. నిజంగానే పిలుస్తున్నాను. ఇక్కడ మేనేజరుకి సహాయకులు కావాలట. నవ్వడం తప్పనిసరి కాదని కనుక్కున్నాను.

వదిన

*

చేపల గది
నవంబరు 15

వదినా,

నెలంతా ఖాళీ తొట్లలో నీళ్ళు తిరిగాయి. పరీక్ష మీద పరీక్ష చేయించి, నిన్న చేపల్ని పెద్ద గదిలోకి మార్చాం. రిబ్బన్ గారు వచ్చి పునఃప్రారంభానికి రిబ్బను కత్తిరించారు. కొత్త నియమాల కాగితం గోడకి అంటించారు. బయటి చేపల్ని రెండు నెలలు విడిగా ఉంచాలట. తన ఆలోచనే అన్నారు. చప్పట్లు కొట్టాను.

తుమ్ముల పిల్ల థీసిస్ రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో నీకు కృతజ్ఞతలు చెప్పాలట. ఏమని రాయాలని అడిగితే, "అబద్ధం ఆడటం మధ్యలో ఆపినందుకు అని రాయి" అన్నాను. అలా కాకుండా మర్యాదగా రాసుకుంది.

అన్నయ్య ఇప్పుడు మాట్లాడుతున్నాడు. తెగ మాట్లాడుతున్నాడు. అక్కడి రోడ్లు, అక్కడి దంతాలు, నీ వంటింటి కిటికీ. నోరు మూసుకున్నప్పుడే బాగుండేదని ఇప్పుడు తెలుస్తోంది. క్లినిక్ కుర్చీకి బేరం కూడా వచ్చింది.

నేను రాను. ఇక్కడ అరవై రకాల్లో ఇరవై మిగిలాయి, మిగతావి ఒక్కొక్కటే తెప్పించుకోవాలి. నీవి కూడా ఎప్పుడైనా పంపు. రెండు నెలలు విడిగా ఉంచుతాను, వదినవైనా సరే.

ఒకటి మాత్రం చెప్పాలి. నువ్వు "ఉన్నాయి" అని రాసిన రోజు నాకు ఒళ్ళు మండింది. లేవనే మొండికేసి ఉంటే నీ మీద కోపంతో హాయిగా బతికేదాన్ని. నువ్వు వెళ్ళిపోయినా, అన్నయ్య వెళ్ళిపోయినా, ఇల్లు ఖాళీ అయినా ఆ కోపం సరిపోయేది. ఇప్పుడు చూడు, బెంగ పెట్టుకోవలసి వస్తోంది.

నీ మరదలు